గడువుకి ముందే

బుధవారం బుధవారం నా వ్యాను
యెల్ దీవి దాటి, పడవెక్కి, అన్‌స్ట్‌లో దిగుతుంది.
రెండు వేల పుస్తకాలు, ఒక హీటరు, నేను.
ఇంజను ఆపగానే తలుపు లాగేది గాలే
మొదటి పాఠకుడిలా.

ఆ తర్వాత ఓస్లా.
పద్నాలుగేళ్లు, రబ్బరు బూట్లు,
చేపల వాసన వదలని వాళ్ళ నాన్న జాకెట్టు.
మూడో సంపుటం బల్ల మీద పెట్టింది.
గడువుకింకా పదకొండు రోజులుంది.
"ఎలా ఉంది?" అన్నాను,
అడక్కుండా ఉండాల్సింది.
భుజం ఎగరేసి వానలోకి వెళ్ళిపోయింది.

ఈ పుస్తకం కోసం పంతొమ్మిది నెలలు చూసింది.
మొదటి సంపుటం అట్ట లోపల
తేదీ ముద్రలన్నీ దాదాపు ఆ పిల్లవే.

అందులో సెల్కా అని ఉప్పుమళ్ళలో పనిచేసే పిల్ల.
నత్తి.
ఆ లోకంలో మంత్రానికి వెల ఒక మాట:
ఖర్చుపెట్టిన మాట మళ్ళీ నాలుక మీదికి రాదు.
వరదని ఆపడానికి "ఇల్లు" ఇచ్చేసింది.
తమ్ముణ్ణి బతికించి
తమ్ముడి పేరు పోగొట్టుకుంది.

ఓస్లాకి పకారం దగ్గర గొంతు మూసుకుంటుంది.
"పడవ" అనాల్సిన చోట "ఆ దాటించేది" అంటుంది,
చుట్టుదారిన వెళ్ళి మాట తెచ్చుకుంటుంది.
నోరు విప్పేముందు మాటలు లెక్కపెట్టుకునేవాళ్ళే
మంత్రగత్తెలయ్యే లోకం
ఆ పిల్లకి ఎందుకు ముద్దో
నేను వేరే చెప్పాలా?

ఆ సాయంత్రం బెల్మాంట్ రేవులో
గాలికి పడవ ఆపేశారు.
వ్యాన్లో కూర్చుని, ఫ్లాస్కులో చల్లారిన టీతో
ఆరువందల పన్నెండు పేజీలూ చదివేశాను.
నాలుగువందల దాకా
రచయిత్రి తరఫున నాతో నేనే వాదించుకున్నాను.

తర్వాత తెలిసింది, సెల్కా తప్పిపోయిన రాకుమారి అట.
తర్వాత ఎవడో వెండి కళ్ళవాడు
ముద్దు పెడితే నత్తి పోయిందట.
ఖర్చయిన మాటలన్నీ
వడ్డీతో సహా తిరిగొచ్చాయట.
రెండు సంపుటాలు ఎవరికీ లొంగని సముద్రసర్పం
పెళ్ళి ఊరేగింపుకి గుర్రమయింది.
చివర కృతజ్ఞతలు:
పద్దెనిమిది మందికి, రెండు పిల్లులకి.
ఉప్పుమళ్ళకి లేవు.
ఆ ఉప్పు తినే కదమ్మా ఇంత దూరం వచ్చావు!

ఐదువందల డెబ్భయ్యొకటో పేజీలో,
ముద్దు దగ్గర,
ఒక కాగితం ముక్క.
పెన్సిలు రాత. వరసగా
సెల్కా చెల్లించిన మాటలు:
ఇల్లు, రొట్టె, రేపు, అమ్మ చెయ్యి, బెనిక్...
నలభై మూడు.
కింద గీత గీసి, కూడిక వేసి,
అక్కడితో ఆపేసింది.

అద్దం మీద వాన. అవతల నల్లటి నీళ్ళు.
వంద సార్లు నేనే కదా చెప్పాను,
"చివరిదాకా ఆగు, ఇంకా బాగుంటుంది" అని.
చదవకుండానే చెప్పాను.
ఇలాంటి అప్పులకి జామీను సంతకం పెట్టేది
మావంటివాళ్ళమే.
కథ ఎగ్గొట్టింది.
పిల్ల దగ్గర పద్దు మిగిలింది.

పుస్తకాల్లో దొరికినవి తిరిగిచ్చేయాలని నిబంధన.
ఎండిన పువ్వు, రైలు టికెట్టు,
ఒకసారి వేయించిన పందిమాంసం ముక్క కూడా.
మరుసటి బుధవారం కాగితం ఇచ్చాను.
"నేనూ చదివాను" అన్నాను.
అంతకుమించి ఏమనాలో తోచలేదు.

ఓస్లా నావంక చూసింది.
"అ అబద్ధం కదా, ర రాస్మీ?"
"అబద్ధమే."

హీటరు టిక్కుమంటోంది.
ఇంకేదో చెప్పాలనుకుంటోంది, పకారం అడ్డుపడింది.
నేను మాట అందించలేదు.
నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.
గాలి తలుపుని రెండుసార్లు కొట్టింది.

"ప... ప... పాతది," అంది చివరికి,
"మొదటిది, ఉందా?"

ఉంది. ముద్ర వేశాను.
కాగితం మడిచి అందులోనే పెట్టుకుంది.
మెట్టు దిగుతూ, వెనక్కి తిరక్కుండా,
"ఈసారి దీంతోనే ఆపేస్తా" అంది.

అలమరలో మొదటి సంపుటం చోటు ఖాళీ.
రెండూ మూడూ
ఆ ఖాళీలోకి ఒరిగాయి.
నిలబెట్టలేదు నేను.
పడవ టైమయింది.